గుమ్మడి టేకు కాలు

మా బావ కూర్మారావు మేస్త్రి గారు పరమపదించారు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది. జీవితమంతా పిల్లలకు తెలుగు వాచకం చెప్పిన వాణ్ణి. దివంగతులయ్యారు, అస్తమించారు, కీర్తిశేషులయ్యారు అని మరణానికున్న పర్యాయపదాలన్నీ కంఠతా వచ్చినవాణ్ణి. తీరా మృత్యువు మా అక్క గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఒక్క మాటా నాకు అక్కరకు రాలేదు.

ఆ రోజు కలకత్తాలో, సాల్ట్ లేక్‌లోని మా అబ్బాయి ఇంట్లో కూర్చుని మర్నాటి బంద్ గురించి పత్రికలో చదువుతున్నాను. హౌరా అవతల లిలువా నుంచి మా అక్క నరసమ్మ ఫోను చేసింది.

"తమ్ముడూ, మీ బావ లెగడం నేదురా" అంది. "అన్నం తిన్నాడు, నడుం వాల్చినాడు. టీ ఎట్టి లేపితే లెగడం నేదు."

"మళ్లీ లేపి చూడక్కా" అన్నాను.

ఇంత వయసొచ్చినవాడు అనవలసిన మాటేనా అది? కానీ ఆ క్షణాన నిజంగానే, ఇంకోసారి లేపితే లేస్తాడనుకున్నాను. లిలువాలో ఇంటి వెనకే రైళ్లు కూత వేసినా కదలకుండా నిద్రపోయే మనిషి ఆయన. అవతల అక్క ఫోను పక్కన పెట్టి, 'లెగయ్యా' అని పిలవడం వినబడింది. ఆ పిలుపులో నాకు సంగతి బోధపడింది.

మన కలకత్తా తెలుగు సంఘం సంచికకు బావ గురించి నాలుగు మాటలు రాయమని పెద్దలు ఆదేశించారు. మన కుర్రవాళ్లకు ఇంట్లో తెలుగు మాట్లాడడమే గానీ చదవడం అంతంతమాత్రం. ఎవరైనా అమ్మమ్మో తాతయ్యో చదివి వినిపిస్తారన్న ఆశతో రాస్తున్నాను. ఇంకొక మనవి. ఇలాంటి వ్యాసాల్లో 'గారు' అనీ 'అన్నారు' అనీ రాయడం మర్యాద. అలా రాస్తే అది మా బావ కాదు, ఎవరో సభాధ్యక్షుడు అయిపోతాడు. కనుక మొదటి వాక్యంలో ఆ ముచ్చట తీర్చుకున్నాను. ఇకపై 'బావ అన్నాడు' అనే రాస్తాను. పెద్దలు మన్నించాలి.

బావది శ్రీకాకుళం దగ్గర వంశధార ఒడ్డున ఉన్న పల్లె. వడ్రంగం తాతల నాటి విద్య. మేనమామ వెంట వచ్చి హౌరా స్టేషన్లో దిగి, లిలువా రైల్వే వర్క్‌షాపులో పేట్రన్ షాపులో చేరి, పదవీ విరమణ దాకా అక్కడే పనిచేశాడు. ఆ పని ఏమిటో తెలియనివారికి క్లుప్తంగా చెబుతాను. ఉక్కుతో ఒక వస్తువు పోత పోయాలంటే ముందు అదే వస్తువును చెక్కతో చేసుకోవాలి. ఆ చెక్క నమూనాను ఇసుకలో అదిమి తీస్తే గుంట పడుతుంది. ఆ గుంటలో కరిగిన లోహం పోస్తారు. లోహం చల్లారితే ముడుచుకుంటుంది గనుక, నమూనాను కావలసినదానికన్నా రవ్వంత పెద్దదిగా చెయ్యాలి. ఆ రవ్వంతకు బావ పెట్టుకున్న పేరు 'పెచ్చు'.

పెచ్చు లెక్క కట్టుకునే ప్రయాస లేకుండా ఆ పనివాళ్లకు వేరే స్కేలు ఉంటుంది. పైకి మామూలు స్కేలులాగే కనబడుతుంది, అంకెలూ అవే. కానీ అందులో ప్రతి అంగుళమూ అసలు అంగుళం కన్నా వెంట్రుకవాసి పొడుగు. బావ దగ్గర అలాంటిదొకటి ఉండేది, మామూలుదొకటి ఉండేది. ఇంటి పనికి వాడే మామూలు స్కేలుకు ఎర్ర దారం కట్టి ఉంచేవాడు. దారం ఉన్నదాన్నే ఇంట్లో ముట్టుకోవాలని తనకు తాను పెట్టుకున్న కట్టడి. ఈ ఎర్ర దారం సంగతి పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలి.

"సల్లారితే తగ్గుతాది, ముందే పెచ్చెయ్యాల" అన్నది ఆయనకు వేదవాక్యం. పెళ్లి భోజనాలకు బియ్యం పోసినా అదే మాట, మనవరాలికి గౌను కుట్టించినా అదే మాట. ఒకసారి నేను, "కోపానికి కూడా వెయ్యాలా బావా?" అని అడిగాను. "దానికెయ్యకూడదు పంతులూ. సల్లారినాక మిగిలిపోతాది" అన్నాడు. చెప్పడం వరకే లెండి. తన కోపానికి ఆయన ఏనాడూ పెచ్చు వెయ్యకుండా వదిలింది లేదు.

చెక్కల్లో ఆయనకు ప్రాణం గుమ్మడి టేకు. మన వైపు అలా అంటాం, బెంగాలీలు గామార్ అంటారు. కొత్తగా వచ్చిన రోజుల్లో బావకు ఆ బెంగాలీ పేరు తెలియదు. గుమ్మడికాయను మాత్రం కుమ్డో అంటారని కూరల బజారులో తెలుసుకున్నాడు. ఇంకేం, నిమ్‌తలా వీధిలో కలప డిపోకు వెళ్లి, "కుమ్డో కాఠ్ ఆఛే?" అని, అంటే గుమ్మడి చెక్క ఉందా అని, దర్జాగా అడిగాడు. తర్కంలో లోపమేమీ లేదు. డిపో యజమాని నిమాయ్‌బాబు మాత్రం పొట్ట పట్టుకుని నవ్వి, గుమ్మడికాయ కావాలంటే కూరల బజారుకు వెళ్లమన్నాడు. బావకు ఒళ్లు మండింది. కలప దొంతరల మధ్య తిరిగి, ఒక పలక మీద వేలితో కొట్టి, వాసన చూసి, లాగి అతని ముందు పడేశాడు.

"ఎ తో గామార్!" ఇది గామారే కదా అన్నాడు నిమాయ్‌బాబు.

"నువ్వేటైనా అనుకో. ఇది గుమ్మడే" అన్నాడు బావ, అచ్చ తెలుగులో.

ఆనాటి నుంచి ఆ వీధిలో బావ పేరు కుమ్డో-దా, అంటే గుమ్మడన్న. అసలు పేరు అక్కడ ఎవరికీ తెలియదని నా అనుమానం.

పేరులో టేకు ఉన్నా అది టేకు కాదు. లేత పసుపు డాలు తిరిగిన తెలుపు. చిత్రిక పడితే చెంప మీద చెయ్యి వేసినట్టు నున్నగా ఉంటుంది. ఉలికి మొరాయించదు, మేకు కొడితే సులువుగా చీలదు. ఒకసారి బాగా ఆరిందా, ఇక వంకర తిరగదు. కలకత్తా వానాకాలంలో తలుపులన్నీ ఉబ్బి మొండికేసే రోజుల్లో కూడా గుమ్మడి టేకు పలక తన కొలత తప్పదు. నమూనాలు చేసేవాడికి అంతకన్నా కావలసిందేముంది? ఇన్నిటికీ తోడు తేలిక. మన రామమందిరం పల్లకి ఆయన ఈ చెక్కతోనే చేశాడు. దేవుడు ఎక్కినా భుజం నొప్పెట్టని పల్లకి అదొక్కటే అని మోసినవాళ్లు ఇప్పటికీ అంటారు. లిలువాలో మన తెలుగువాళ్ల ఇళ్లలో ఎన్ని ఉయ్యాలలు ఆయన చేతివో లెక్కలేదు.

అలాగని గుడ్డి ప్రేమ కాదు. ఎవరో రోకలి చేసిపెట్టమంటే కేకలేశాడు. "రోకలికి బరువు కావాల, ఉయ్యాలకి తేలిక కావాల. దేని గుణం దానిది. దీంతో రోకలి సేస్తే వడ్లు నవ్వుతాయి" అన్నాడు. ఒకసారి నేను, ఎంతైనా తేలిక చెక్కే కదా అని పెదవి విరిచాను. ఆయన చిత్రిక ఆపి నా వంక చూశాడు. "తేలికని తేలిగ్గా సూడకు పంతులూ" అన్నాడు. వ్యాకరణం చెప్పుకుని బతికేవాణ్ణి, ఆ మాటలోని శ్లేషకు ముచ్చటపడి ఆ వారం తరగతిలో ఉదాహరణగా వాడుకున్నాను.

యూనియన్ ఊరేగింపులకు జెండా కర్రలు కూడా ఆయనే చేసేవాడు. ఆ కాలంలో కలకత్తాలో ఊరేగింపు లేని వారం ఉండేదా? గుమ్మడి టేకు కర్ర పట్టుకుంటే మైదానం దాకా నడిచినా చెయ్యి లాగదని బెంగాలీ కామ్రేడ్లు వచ్చి అడిగి మరీ తీసుకెళ్లేవారు. వెదురు ఇంకా తేలిక కదా బావా అన్నాను. "ఎదురు ఊగుతాది. జెండా ఊగాల గానీ కర్ర ఊగితే ఏటి బాగుంటాది?" అన్నాడు. ఆయన రాజకీయం నాకెప్పుడూ పూర్తిగా అంతుబట్టలేదు గానీ ఈ ఒక్క సిద్ధాంతం నాకు నచ్చింది.

ఆయన వాడేది అడవిలో తనంత తాను పెరిగిన మాను కాదు. మేదినీపూర్, బాంకుడా వైపు అటవీశాఖ వాళ్లు వరసలు తీసి నాటిన తోపుల్లోది. త్వరగా ఎదిగిన కలప అని పాత వడ్రంగులు దాన్ని చులకన చేసేవారు. బావకు అదే ఇష్టం. "వరసలో నాటితే వెలుతురు కోసం నిటారుగా పోతాది. ముడులు తక్కువ" అనేవాడు. ఒక సాయంత్రం పలకలు నీడలో ఆరబెడుతూ, ఒక్కోదాని మధ్య పుల్లలు పెడుతూ, "మనమూ ఇలగే గదా. ఎవుడో పీకి తెచ్చి ఇక్కడ నాటినాడు. నాటినసోట నిటారుగా ఉండాల" అన్నాడు. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నా కళ్లు చెమ్మగిల్లుతున్నాయి.

ఇక ముఖలింగం కాలు సంగతి. బావ గురించి చెప్పి ఈ సంగతి చెప్పకపోతే వ్యాసం వృథా.

ముఖలింగం బావకు ఊరివాడు, ఈడువాడు. కలకత్తా రేవులో కూలిపని, కాపురం ఆ పక్కనే మెటియాబ్రుజ్‌లో. ఒకనాడు తాడు తెగి సరుకు పెట్టె తన మీద పడి, ఒక కాలు మోకాలి కింద పోయింది. ఆస్పత్రిలో ప్రాణం నిలబెట్టారు, కట్టుడు కాలూ ఇచ్చారు. మంచి కాలే, కాకపోతే మహా బరువు. రెండడుగులు వేసేసరికి తొడ పీకుతోందని కూలబడేవాడు. రేవువాళ్లు ఒక్కటే చెప్పారు. చేతికర్ర లేకుండా పెద్దల ముందు వరండా ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి చూపిస్తే గేటు దగ్గర కాపలా పని ఇస్తారు. నడవలేకపోతే ఆ ఉద్యోగమూ లేదు, ఉన్న గదీ లేదు. "ఊరెల్లి ఏటి సేస్తాను మేస్త్రీ? సేపలకి సముద్రంలో దిగడానికీ కాలు కావాల గదా" అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

బావ ఆ ఆస్పత్రి కాలును చేత్తో ఎత్తి చూసి మూలన పెట్టాడు. "ఇది కాలు కాదురా, లంగరు. నాను సేస్తాను" అన్నాడు.

మెటియాబ్రుజ్‌లో గడపకో దర్జీ. పక్కింటి ముసలి దర్జీ టేపు తెచ్చి, ముఖలింగం మంచి కాలును మోకాలి నుంచి మడమ దాకా కొలిచి అంకె చెప్పాడు. బావ ఆ అంకె మనసులో పెట్టుకుని లిలువా వచ్చాడు. అటక మీద చాలా కాలంగా ఆరుతున్న గుమ్మడి టేకు దిమ్మ ఒకటి ఉంది. మనవరాలి ఉయ్యాల కోసం దాచింది. దాన్ని దించాడు. పగలు వర్క్‌షాపు, సాయంత్రాలు కరెంటు పోతే లాంతరు వెలుగులో ఈ పని. మోకాలు కూర్చునేందుకు తొలిచాడు, లోపల మెత్తని తోలు వేశాడు, పాదం అమర్చాడు, వేళ్లు కూడా చెక్కాడు. వేళ్లెందుకయ్యా అని అక్క అడిగితే, "ఆడు వేళ్లు నేకుండా పుట్టినాడేటి?" అన్నాడు. పూర్తయ్యాక ఆ కాలును నా చేతిలో పెట్టాడు. ఇంతేనా అన్నంత తేలికగా ఉంది. ఆయన ముఖంలో ఆ రోజు కనిపించిన వెలుగు మరెన్నడూ చూడలేదు.

పెద్దల ముందు నడవాల్సిన రోజు మర్నాడనగా బావ, అక్క, నేను ముగ్గురం మెటియాబ్రుజ్ వెళ్లాం. ముఖలింగం కాలు కట్టుకున్నాడు, లేచి నిలబడ్డాడు, గోడ వదిలాడు. అతని భార్య దండం పెట్టింది. అంతలో ముఖలింగం మొహం అదోలా అయింది.

"మేస్త్రీ, ఒక పక్కకి ఒరిగిపోతన్నాను."

నిజమే. కొత్త కాలు పొడుగు. ఎంతో కాదు, చిటికెన వేలి మందం ఉండదు. ఆ మాత్రానికే మనిషి గాలికి వంగిన కొబ్బరిచెట్టులా ఉన్నాడు. బావ ఎర్ర దారం స్కేలు తీసి కొలిచాడు. సరిగ్గా ఉంది. మళ్లీ కొలిచాడు. సరిగ్గానే ఉంది. దాంతో కోపం దర్జీ మీదకు పోయింది.

"నీ టేపు సాగిపోనాదయ్యా! ఎన్ని లాల్చీలు కొలిచినావు దాంతోటి?"

దర్జీకి ఆ తెలుగు అర్థం కాకపోయినా కేక అర్థమైంది. ఆయన రుసరుసలాడుతూ వచ్చి తన టేపును బావ స్కేలు పక్కనే పరిచాడు. మొదట్లో గీతలు కలిశాయి. పోనుపోను విడిపోయాయి. చివరకొచ్చేసరికి స్కేలు ముందుకు వెళ్లిపోయింది.

బావ చేతిలోనిది పెచ్చు స్కేలు. దానికి ఎర్ర దారం ఎలా వచ్చింది? అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మెల్లగా అంది.

"మొన్న విశ్వకర్మ పూజకి నానే కట్టినానయ్యా. అన్నిటికీ కట్టినాను. ఉలికి కట్టినాను, రంపానికి కట్టినాను. ఒక స్కేలుకి ఉండి ఇంకోదానికి నేకపోతే దేవుడు ఏటనుకుంటాడు?"

బెంగాల్లో కార్ఖానాలకు విశ్వకర్మ పూజ ఎంత పెద్ద పండగో మనకు తెలుసు. మా అక్క దానికి మన కంకణం ఆచారం కలిపి, ఇంట్లో పనిముట్లన్నిటికీ కుంకుమ పెట్టి ఎర్ర దారం కట్టేసింది. దారం చూసి చెయ్యి వేసే అలవాటు బావది. ఉక్కు పోతకు వెయ్యాల్సిన పెచ్చు పోయి పోయి ముఖలింగం కాలికి పడింది.

బావ మొహం పాలిపోయింది. రైల్వేకు ఎన్ని నమూనాలు చేశాడో, ఒక్కటీ వెనక్కి రాలేదని ఆయనకు గర్వం. ఆ గర్వం నలుగురి ముందు, అందులోనూ ఒక దర్జీ ముందు పోయింది. ఏదో ఒకటి అనాలి గనుక, తలెత్తకుండా, "కొత్తది గదా. సల్లారితే సరిపోతాదిలే" అన్నాడు.

ముందు ముఖలింగం నవ్వాడు. తర్వాత అతని భార్య, అక్క, నేను. దర్జీకి ఎవరో అనువాదం చేస్తే ఆయనా నవ్వాడు. చెక్క చల్లారడమేమిటి! బతుకు తెల్లారితే తేలిపోతుందన్న ఇంట్లో అలా నవ్వుకున్నాం.

పాదం విడదీసి కోసి మళ్లీ అతికితే జిగురు తెల్లారేసరికి ఆరదు. అందుకని బావ ముఖలింగం మంచికాలి చెప్పు అడుగున తోలు ముక్క వేసి మేకులు కొట్టాడు. మర్నాడు రేవు గేటు బయట నేనూ బావా నిలబడ్డాం. బావ అరచేతిలో ఖైనీ పొగాకు నలుపుతూనే ఉన్నాడు, నోట్లో వేసుకోవడం మరిచిపోయాడు. చాలాసేపటికి ముఖలింగం తన కాళ్ల మీద తాను నడుచుకుంటూ వచ్చాడు. చేతిలో కర్ర లేదు.

"ఉండమన్నారు" అన్నాడు. "ఇంకేటీ అననేదు మేస్త్రీ. ఉండమన్నారు."

బావ అతన్ని పట్టుకుని నడిరోడ్డు మీద భోరున ఏడ్చాడు.

ఆ ఆదివారమే బావ రంపం సంచిలో పెట్టుకుని మెటియాబ్రుజ్ వెళ్లాడు, ఆ పెచ్చు తీసేద్దామని. ముఖలింగం కాలు ఇవ్వనన్నాడు. "ఈ కాలు నాకు అన్నం ఎట్టినాది. దీనికి రంపమెడితే నా కంచానికి ఎట్టినట్టే" అన్నాడు. బావ బతిమాలాడు, తిట్టాడు. "నా తప్పు ఈదిలో తిరుగుతా ఉంటే నానెలా తలెత్తుకునేదిరా?" అన్నాడు. ఎంత చెప్పినా ముఖలింగం కదలలేదు.

అప్పటి నుంచి ఏటేటా విశ్వకర్మ పూజ నాడు ముఖలింగం లిలువా రావడం, బావ అతని చెప్పుకు కొత్త తోలు కొట్టడం ఆనవాయితీ అయింది. ఏటేటా బావ "ఈసారి కోసేస్తానురా" అనడం, ముఖలింగం కాలు వెనక్కి లాక్కోవడం కూడా ఆనవాయితీలో భాగమే. కాపలా పని అయిపోయి పింఛను వచ్చినా రావడం మానలేదు. మొన్నటి పూజకూ వచ్చాడు. బావ చేతులు వణుకుతున్నాయి, మేకు వంకర పోతోంది. "ఎప్పుడు తియ్యనిస్తావురా ఆ పెచ్చు?" అన్నాడు. "నువ్వు పోనాక తీయించుకుంటానులే మేస్త్రీ" అన్నాడు ముఖలింగం. ఇద్దరూ పగలబడి నవ్వారు. అక్క మాత్రం, అవేం మాటలని ఇద్దర్నీ కసిరింది.

బావ అంతిమయాత్ర బంద్ రోజున సాగింది. శవవాహనానికి బంద్ లేదు. హౌరా వంతెన మీద మా బండి తప్ప ఇంకోటి కనబడలేదు. హౌరా వైపే ఏదో శ్మశానానికి తీసుకెళ్లొచ్చని కొందరన్నారు గానీ అక్క ఒప్పుకోలేదు. నిమ్‌తలాలో కలప డిపోలూ శ్మశానమూ ఒకే వీధిలో ఉంటాయి. "కొనడానికి ఎన్నిమాట్లో ఎల్లినాను, ఒకమాటు కొనకుండా ఎల్తాను" అని బావ అంటూ ఉండేవాడు. ఆ మాట నెగ్గాలంది అక్క.

వీధి మొదట్లో లారీలు అడ్డంగా నిలిపి ఉన్నాయి. బండి ఆగింది, పాడె భుజాలకెత్తాల్సి వచ్చింది. బావ కొడుకు నిప్పుకుండతో ముందు నిలబడ్డాడు. అంతలో ముఖలింగం వచ్చాడు, బస్సులు లేక అల్లుడి సైకిలు వెనక కూర్చుని అంత దూరమూ. నిమాయ్‌బాబు డిపో గడప దగ్గర చెప్పులు విడిచి, వచ్చి పాడెకు భుజం పెట్టాడు. పాడె మోసేటప్పుడు కాళ్లకు చెప్పులుండకూడదు కదా. అతని రెండు కాళ్లనూ సమానం చేసేది ఆ చెప్పే.

పాడె కదిలింది. ఖాళీ వీధిలో చెక్క కాలు టక్కుమంటోంది. ఆ చప్పుడైనప్పుడల్లా పాడె ఆ మూల రవ్వంత పైకి లేచేది, మరుసటి అడుగుకు దిగేది. వెనక నడుస్తున్న నాకు బావ తల అటూ ఇటూ కదలడం కనిపిస్తోంది, ఏదో కాదన్నట్టు. ఒక కుర్రవాడు ముందుకొచ్చి, "మావా, నువ్వు దిగు. నేను పడతాను" అన్నాడు.

"దిగను" అన్నాడు ముఖలింగం. "ఇది ఆడిచ్చిన కాలు. ఆడి కాలుతోనే ఆడిని మోస్తన్నాను. నువ్వు తప్పుకో."

కుర్రవాడు పక్కకు తప్పుకున్నాడు. డిపో పైనున్న ఇంటి కిటికీ తెరుచుకుంది. నిమాయ్‌బాబు, ఇప్పుడు ముగ్గుబుట్ట తల, మెట్లు దిగి వచ్చి చేతులు జోడించి నిలబడ్డాడు. "కుమ్డో-దా చోలే గెలేన్?" అన్నాడు. వెళ్లిపోయారా అని అడిగినవాడికి అవునని తలూపి పాడె వెనక నడిచాను.

ఇటువంటి వ్యాసాల చివర 'వారి లోటు తీరనిది' అని రాయడం సంప్రదాయం. నేనూ ఎందరి గురించో రాశాను. మా బావ లోటు ఎంతో నాకు తెలుసు. అది ఒక చెప్పు అడుగున వేసే తోలు ముక్క మందం. దాన్ని పూడ్చగల చెయ్యి ఈ మహానగరంలో ఇంకొకటి లేదు. బావా, నీ చిత్రిక కింద రాలిన ఆ పసుపు పొట్టు వాసన నా ముక్కులో ఉన్నంతవరకు నీకు నమస్కరిస్తూనే ఉంటాను.

అంతా అయ్యాక, గంగలో మునిగి, తడి బట్టలతో డిపో గడప దగ్గరకు తిరిగి వచ్చాం. ముఖలింగం చెప్పు తిరగేసి చూసుకున్నాడు. మొన్న కొట్టిన మేకుల్లో ఒకటి అప్పుడే ఊడివస్తోంది.

"ఇక ఆ కాలు కోయించుకో ముఖలింగం" అన్నాను. "నిమాయ్‌బాబు దగ్గర రంపం ఉంది. మేస్త్రి పోయాక తీయించుకుంటానని నువ్వే అన్నావు కదా."

అతను చెప్పు తొడుక్కుని లేచి, నిటారుగా నిలబడ్డాడు. శ్మశానం వైపు చూశాడు.

"ఆ దినం మేస్త్రి ఏటన్నాడు పంతులూ? సల్లారితే సరిపోతాదన్నాడు గదా?"

"అన్నాడు."

"మరి ఇంకా సల్లారనేదు."